సమష్టి జీవనంలో ‘నిర్జన’ పదం: కొండపల్లి కోటేశ్వరమ్మ ఆత్మకథ – ఒక పరిశీలన

ఆధునిక తెలుగు సాహిత్యంలో సమష్టి జీవన భావన రెండు మార్గాల్లో వ్యక్తమయింది. ఒకటి ఊహ, రెండవది అనుభవం. ఉన్నవ లక్ష్మీనారాయణ ‘మాలపల్లి’ (1922) మొదటి మార్గానికి ప్రతినిధి. సంగదాసు మరణానంతరం అతని ఆశయాల మీద నిలిచే కొత్త సమాజాన్ని ఆ నవల భావిస్తుంది. 1940లలో ఆంధ్ర కమ్యూనిస్టులు నడిపిన కమ్యూన్లు రెండవ మార్గానికి చెందుతాయి. వాటిని ఉద్యమ చరిత్రలు ప్రధానంగా త్యాగానికి గుర్తుగా స్మరించాయి. ఉమ్మడి వంట, ఉమ్మడి ఖర్చు, ఉమ్మడి కష్టం స్త్రీల జీవితాల్లో ఎట్లా పరిణమించాయన్నది చాలాకాలం చర్చకు రాలేదు. ఆ లోటును పూరించిన రచనల్లో కొండపల్లి కోటేశ్వరమ్మ (1918–2018) ‘నిర్జన వారధి’ ముఖ్యమైనది.

గుడిమల్కాపూర్‌లోని బాలాజీనగర్ చిరునామాతో పాఠకులకు పరిచితమైన హైదరాబాద్ బుక్ ట్రస్ట్ 2012లో ఈ ఆత్మకథను ప్రచురించింది. 1980లో ఆరంభమైన ఆ సంస్థ కూడా లాభాపేక్ష లేని ట్రస్టు రూపంలో నడిచే సమష్టి ప్రయత్నమే. వెలువడిన నాటి నుండి ఈ గ్రంథాన్ని పాఠకలోకం ఒక స్త్రీ దుఃఖగాథగా ఆదరించింది. ఆ ఆదరణ సహజమే గాని, దానివల్ల గ్రంథంలోని సామాజిక విమర్శ మరుగున పడింది. ఇది సమష్టి జీవన వ్యవస్థలను లోపలి నుండి పరీక్షించిన రచన అని ప్రతిపాదించడం ఈ వ్యాస లక్ష్యం.

కోటేశ్వరమ్మ జీవితాన్ని ఆశ్రయాల క్రమంలో చూస్తే ఈ విషయం స్పష్టమవుతుంది. పార్టీ కమ్యూన్, అజ్ఞాతవాస కాలపు డెన్లు, ముప్పై దాటిన వయసులో చదువుకోసం చేరిన ఆంధ్ర మహిళా సభ, మేట్రన్‌గా పనిచేసిన కాకినాడ విద్యార్థినుల హాస్టలు, వార్ధక్యంలో సి.ఆర్. ఫౌండేషన్ వృద్ధాశ్రమం. ఇవన్నీ పదిమంది కలిసి బతికే చోట్లే. సొంత ఇల్లు అనదగినది ఈ వరుసలో లేదు. ఇంతమంది నడుమ బతికిన రచయిత్రి తన జీవితాన్ని ‘నిర్జన’ వారధి అనడంలోనే గ్రంథంలోని ప్రధాన వైరుధ్యం ఉంది. వారధి పదిమందిని దాటించేది. దాటినవారు దానిమీద నిలవరు. కనుక ఇక్కడి నిర్జనత్వం మనుషులు లేకపోవడం కాదు, దాటిపోయినవారికి బాధ్యత లేకపోవడం.

ఈ బాధ్యతారాహిత్యానికి వ్యక్తుల స్వభావం మాత్రమే కారణం కాదు. కోటేశ్వరమ్మ తన నగలను పార్టీకి ఇచ్చివేసింది. ఉమ్మడి కుటుంబంలో స్త్రీ తనదని చెప్పుకోగలిగిన ఆస్తి స్త్రీధనం ఒక్కటే. ఉమ్మడి ఆస్తిలో కూతుళ్లకు పుట్టుకతో వాటా కల్పించిన ఆంధ్రప్రదేశ్ సవరణ చట్టం 1986లో గాని రాలేదు. అందువల్ల పురుషుడి ఆస్తి త్యాగమూ స్త్రీ నగల త్యాగమూ సమానం కావు. పురుషుడికి నాయకత్వం, ప్రజల్లో పేరు మిగిలే అవకాశం ఉంది. స్త్రీకి భర్త ద్వారా లభించిన స్థానమే మిగులుతుంది. కొండపల్లి సీతారామయ్య ఆమెను విడిచిపోయినప్పుడు ఆ స్థానమూ పోయింది. కమ్యూన్‌లో చేరడానికి ఉన్నంత స్పష్టమైన పద్ధతి, అది చెదిరినప్పుడు సభ్యురాలికి ఏమి దక్కాలన్న విషయంలో లేదు. ఉమ్మడి కుటుంబాన్ని కాదని ఏర్పడిన వ్యవస్థ, ఈ ఒక్క అంశంలో దాన్నే అనుసరించింది.

స్త్రీ శక్తి సంఘటన 1986లో వెలువరించిన ‘మనకు తెలియని మన చరిత్ర’ ఈ నిర్ధారణకు బలం చేకూరుస్తుంది. తెలంగాణ సాయుధ పోరాట స్త్రీల కథనాల సంకలనమైన ఆ గ్రంథంలో, అడవి జీవితంలో పసిబిడ్డను ఇతరులకు అప్పగించవలసి వచ్చిన కమలమ్మ కథనం ఉంది. ఆయుధం పట్టడంలో స్త్రీ పురుషులను సమానులుగా చూసిన దళం, బిడ్డ పెంపకాన్ని మాత్రం సమష్టి బాధ్యతగా స్వీకరించలేకపోయింది.

అయితే ఈ విమర్శను కమ్యూన్ నిరాకరణగా గ్రహించరాదు. బాలవితంతువైన కోటేశ్వరమ్మకు పునర్వివాహం, వేదిక, పాట, రాజకీయ చైతన్యం ఇచ్చినది ఉద్యమ వాతావరణమే. ఆమె చివరివరకు దాని ఆశయాలను త్యజించలేదు. ఆమె సాక్ష్యానికి విలువ అక్కడే ఉంది. బయటివారు చేసే నిందలో లేని నిశితత్వం, నమ్మినవారు వేసే ప్రశ్నలో ఉంటుంది.

కాకినాడ హాస్టలు ఘట్టం ఈ దృష్టితో పునఃపరిశీలించదగినది. అక్కడ విప్లవ స్వప్నం లేదు. జీతం, పనివేళలు, ఇతరుల బిడ్డల పట్ల నియమబద్ధమైన బాధ్యత ఉన్నాయి. కమ్యూన్‌లో లెక్కకు రాని వండిపెట్టడం, కనిపెట్టుకోవడం హాస్టల్లో ఉద్యోగంగా గుర్తింపు పొందాయి. సమష్టి జీవన సాహిత్యాన్ని పరిశీలించేవారు ఆస్తి పంపకంతోపాటు ఈ శ్రమ గుర్తింపును, విడిపోయే సభ్యుల హక్కును కూడా ప్రమాణాలుగా స్వీకరించవలసి ఉంది. ‘మాలపల్లి’ మొదలు ఉద్యమ నవలల వరకు ఆ ప్రమాణాలతో తిరిగి చదివితే, ఆదర్శ సమాజాల చిత్రణలో వంటింటికి దక్కిన చోటు ఎంతో తేటతెల్లమవుతుంది.