చిలక్కొయ్యకు ముక్కెందుకు?

చొక్కా తగిలించుకోవడానికి గోడలో ఒక కర్ర ముక్క చాలు. కొస కాస్త పైకి లేచి ఉంటే బట్ట జారదు, అంతే దాని పని. మన పాత ఇళ్ళు కట్టిన వడ్రంగి అక్కడితో ఆగలేదు. పైకి లేచిన ఆ కొసను చిలక మెడగా చెక్కి, ముక్కు తీసి, ఓపికుంటే రెక్కల గీతలు కూడా పెట్టాడు. అలా వసారా గోడ పొడుగునా వరసగా నిలబడ్డ చిలకలు ఒకటి తాతగారి ఉత్తరీయాన్ని, ఒకటి గొడుగును, ఒకటి కూరల సంచిని మోశాయి. దగ్గరికెళ్ళి చూస్తే ఏ రెండూ ఒకేలా ఉండవు. ఒకటి కోపంగా ఉంటుంది, పక్కది నిద్రమొహంతో ఉంటుంది. ఇల్లంతా తిరిగి చూడటం కంటే ఆ తేడాలు వెతుక్కోవడమే నాకిష్టం.

పాత ఇళ్ళ మాటెత్తితే మనవాళ్ళు వెంటనే మండువా దగ్గర మొదలుపెడతారు. గోదావరి, కృష్ణా జిల్లాల మండువా లోగిలి గొప్పదే, కాదనను. నాలుగు వైపుల నుంచి పెంకుల వాలు లోపలికి దిగుతుంది, వాన నట్టింట్లో పడి తూములోంచి బయటికి పోతుంది, గాలీ వెలుతురూ అక్కణ్ణించే. కానీ ఆ ఏర్పాటు ఊళ్ళో మిగతా లోగిళ్ళకూ ఉన్నదే. ఈ ఇల్లు వేరు అనిపించేది చిన్న చిన్న చోట్ల. గడప మీది పద్మం, దీపం గూటి చుట్టూ తీర్చిన తోరణం, పిల్లాడి చెయ్యి అందేలా కింద బిగించిన ఇంకో గొళ్ళెం.

వింతగా కనిపించేదంతా సోకు కోసం చేసింది కాదు. రాయలసీమ మట్టిమిద్దెలో గవాక్షి ఉంటుంది. లావుపాటి గోడలు, కిటికీలు తక్కువ, పైన చౌడుమట్టి పరిచిన కప్పు. వెలుతురు రావాలన్నా పొగ పోవాలన్నా ఆ కప్పులోనే కంత పెట్టాలి. చినుకు పడగానే ఎవరో ఒకరు మిద్దెక్కి మూసి రావాలి. వానలు తక్కువ కాబట్టి సీమలో ఆ లెక్క కుదిరింది. అదే కోనసీమలో పెట్టి ఉంటే ఇంట్లో పిల్లలకు మిద్దె ఎక్కి దిగడంతోనే సరిపోయేది. ఉత్తరాంధ్ర తీరంలో చుట్టిల్లు చూడండి. చూరు ఎంత కిందికి ఉంటుందంటే నడుం వంచకుండా లోపలికి పోలేం. తుఫాను గాలికి పట్టు దొరక్కుండా గోడ గుండ్రంగా తిరిగింది, కప్పు నేలకు వంగింది.

ఇక గానుగ సున్నం. గుండ్రటి గాడిలో రాతి చక్రాన్ని ఎద్దులు తిప్పుతుంటే సున్నమూ ఇసుకా మెత్తగా నలిగేవి. కొన్నిచోట్ల కరక్కాయ, బెల్లం నీళ్ళు కలిపేవారు. సున్నం నిదానంగా బిగుస్తుంది. ఆ నిదానమే పనివాడికి వరం. గోడ మీద తీర్చే తీగ సరిగ్గా రాకపోతే చెరిపి మళ్ళీ తీర్చుకునే వ్యవధి ఉండేది. సిమెంటుకు అంత ఓపిక లేదు, గంటల్లోనే గట్టిపడుతుంది.

అయినా సిమెంటు రాగానే చేతిపని పోయిందనుకోకండి. 1950లు, 60లలో కట్టిన డాబాల పిట్టగోడలు చూస్తే తెలుస్తుంది. ముందువైపు నడుమ ఎత్తుగా లేపి, అందులో ఇంటి పేరు, కట్టిన సంవత్సరం, ఏనుగుల మధ్య లక్ష్మీదేవి, కొన్నిచోట్ల ఆవూదూడా. రెండు మూలలా రెండు సింహాలు. ఆ మేస్త్రి సింహాన్ని క్యాలెండర్లో తప్ప చూసి ఉండడు. అందుకే మన డాబాల మీద సింహాలు చాలామటుకు మీసాలు దువ్వుకున్న కరణంగారిలా ఉంటాయి. కళాపండితులు వాటివైపు కన్నెత్తి చూడరు. నేను మాత్రం బస్సు కిటికీలోంచి కూడా వదలను.

చదువుకున్న ఆర్కిటెక్టులలో ఈ రుచి తెలిసినవాడు లారీ బేకర్. 1917లో బర్మింగ్‌హామ్‌లో పుట్టి, తిరువనంతపురంలో స్థిరపడ్డాడు. ఊరి అంచున రాతి గుట్ట మీద తనకు కట్టుకున్న ఇంట్లో పాత ఇళ్ళ తలుపులు వాడాడు, గోడల్లో రంగు సీసాలు పొదిగాడు. ఇటుకను పడుకోబెట్టకుండా అంచు మీద నిలబెట్టి, మధ్యలో ఖాళీ వదిలి గోడ కట్టించేవాడు. దాంతో దాదాపు నాలుగోవంతు ఇటుక మిగిలేది. చేతిపని అంటే డబ్బున్నవాళ్ళ సరదా అనేవాళ్ళకు ఆయన ఇళ్ళే జవాబు. కట్టేచోట నిలబడి, చెట్టు అడ్డొస్తే గోడను వంచేవాడు.

అసలు కిటుకు అక్కడే ఉంది. ప్లానులో అన్నీ ముందే నిండిపోతే మేస్త్రికీ వడ్రంగికీ తోచడానికి చోటుండదు. ఇప్పటి సింహద్వారం మీద వేంకటేశ్వరస్వామిని సీఎన్‌సీ మిషను చెక్కుతోంది. వంక పెట్టలేం, గీత తప్పదు. పక్కింటి తలుపు మీదా అదే గీతతో అదే స్వామి. నాకది ముద్రణలాగే కనిపిస్తుంది, చెక్కడంలా కాదు.

మొన్న మా గేటు మార్పించాల్సి వచ్చింది. వెల్డింగు కుర్రాడు ఫోనులో బొమ్మలు చూపిస్తూ, “ఏ డిజైన్ వెయ్యమంటారండీ?” అన్నాడు.

“నీకు తోచింది వెయ్యి బాబూ.”

“నాకు తోచింది వేశాక బాగోలేదంటే ఎలాగండీ?”

“అననులే.”

నమ్మకం కుదరలేదు కాబోలు, మా ఆవిడను కూడా అడిగి ఖాయం చేసుకున్నాడు. వారం తర్వాత రెండు చేపలున్న గేటు తెచ్చి బిగించాడు. చేపలకు విడిగా డబ్బులు తీసుకున్నాడు, న్యాయమే. మా డోర్ నంబరులో ఉన్న గీతలూ అంకెలూ ఇప్పుడెవరికీ అక్కర్లేదు. కొరియర్ కుర్రాళ్ళు ఫోన్ చేసి “చేపల గేటేనా అండీ?” అంటున్నారు. రెండో చేప మొదటిదానికంటే బెత్తెడు చిన్నది. ఎందుకని అడిగితే, రాడ్డు చాల్లేదన్నాడు.