చిన్న విద్యాలయము, మూడు పెద్ద సంపుటములు

అమెరికాలో లాస్ ఏంజెలెస్ నగరమునకు చేరువనే పాసడీనా అను పట్టణము కలదు. అచ్చటి ‘కాలిఫోర్నియా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీ’ని లోకము క్లుప్తముగా కాల్‌టెక్ అని పిలుచును. ఇది ప్రభుత్వము నడుపునది కాదు. ధర్మకర్తల పాలనలోనున్న ప్రైవేటు విశ్వవిద్యాలయము. మొదటి పట్టమునకు చదువువారు సుమారు 1,000 మంది. పై చదువులవారిని కలుపుకొన్నను మొత్తము 2,500కు అటు ఇటుగా నుండును. తెలుగునాట ఒక పెద్ద జూనియర్ కళాశాలలో ఇంతకంటె ఎక్కువమంది ఉండవచ్చును. ఇంత చిన్నచోట 1961 నుండి 1963 వరకు చెప్పబడిన పాఠములు మూడు సంపుటములై నేటికిని ప్రపంచమంతట చదువబడుచున్నవి. అవియే రిచర్డ్ ఫైన్‌మన్ భౌతికశాస్త్రోపన్యాసములు.

ఈ సంపుటములకు గల కీర్తి చిత్రమైనది. భౌతికశాస్త్రోపాధ్యాయుడు వీనిని బీరువాలో భద్రపరచుకొనును. ప్రవేశపరీక్షకు చదువుకొను కుర్రవాడు ఎవరో చెప్పగా విని ఆశతో కొని, పది అధ్యాయములు దాటకముందే మూసివేసి, తన బుద్ధి చాలదని కుంగిపోవును. లోపము ఆ కుర్రవానిది కాదు. పాసడీనాలో జరిగిన చదువులో ఒక భాగము మాత్రమే పుస్తకములోనికి ఎక్కినది. తక్కిన భాగములు ఆ విద్యాలయములోనే ఉండిపోయినవి.

ఆ విద్యాలయమెట్టిదో తెలిసికొనిననే ఈ మాట బోధపడును. 1891లో ఎమోస్ త్రూప్ అను ధనికుడు చేతిపనులను, సాంకేతికవిద్యను నేర్పుటకై దానిని నెలకొల్పెను. 1904లో సమీపమున మౌంట్ విల్సన్ వేధశాలను స్థాపించిన జార్జ్ హేల్ అను ఖగోళజ్ఞుడు 1907లో దాని ధర్మకర్తలలో ఒకడయ్యెను. చేతిపనుల బడిని విజ్ఞానపీఠముగా మార్చవలెనని ఆయన సంకల్పము. ఆయన పిలుపుపై రసాయనశాస్త్రజ్ఞుడు నాయస్ వచ్చెను. నూనె బిందువుల ప్రయోగముతో ఎలక్ట్రాను ఆవేశమును కొలిచిన మిలికన్ 1921లో వచ్చి చేరెను. నేటి పేరు 1920లో పెట్టబడినది. విద్యార్థులు కొద్దిమందియే ఉండవలెను, శాఖలు కొన్నియే ఉండవలెను, ఉన్నవానిలో పరిశోధన మాత్రము ప్రథమశ్రేణిలో ఉండవలెను అనునది వారు పెట్టుకొన్న నియమము. చిన్నది అనగా చౌకైనది అని ఎవరును పొరబడరాదు. దాతల ధనమును, తరువాతి కాలమున ప్రభుత్వ పరిశోధన నిధులును సమృద్ధిగా లేనిదే ఇట్టి చిన్నతనము నిలువదు.

1960 నాటికి ఈ విద్యాలయమునకే ఒక చిక్కు వచ్చినది. అచ్చట ఏ శాఖ విద్యార్థియైనను మొదటి రెండేండ్లు భౌతికశాస్త్రము చదివి తీరవలెను. సాపేక్షతను గూర్చి, క్వాంటం సిద్ధాంతమును గూర్చి విని ఉవ్విళ్ళూరుచు వచ్చిన పిల్లలకు రెండేండ్లపాటు వాలుతలములు, స్థిరవిద్యుత్తు చెప్పుచుండిరి. వారి ఉత్సాహము చల్లారిపోవుచుండెను. ఫోర్డ్ ఫౌండేషన్ ధనసహాయముతో పాఠ్యక్రమమును తిరిగి కూర్చదలచి, ఉపన్యాసభారమును ఫైన్‌మన్‌కు అప్పగించిరి. వారమునకు రెండు ఉపన్యాసములు; ఎదుట సుమారు 180 మంది. అందరును మగపిల్లలే. మొదటి పట్టపు తరగతులలో ఆడపిల్లలకు ఆ విద్యాలయము తలుపు తెరచినది 1970లో గాని కాదు. ఇంతటి విద్యాలయము ఇంత ఆలస్యము చేయుట దాని చరిత్రలో మెచ్చదగిన విషయము కాదు.

ఇక గ్రంథము మంచిచెడ్డలు. లేటన్, సాండ్స్ అను సహచరుల సహాయముతో 1963–65 మధ్య వెలువడిన ఈ మూడు సంపుటములలో వరుసగా 52, 42, 21 అధ్యాయములు కలవు. మొదటి సంపుటము నాలుగవ అధ్యాయము శక్తి నిత్యత్వమును గూర్చినది. ఒక అల్లరి పిల్లవాడు, వానికి 28 దిమ్మలు. విరుగవు, అరుగవు. సాయంకాలము తల్లి లెక్కించును. ఒకనాడు 27 ఉండును. వెదకగా ఒకటి తివాచీ క్రింద దొరకును. మరియొకనాడు 30 కనబడును. స్నేహితుడు తన దిమ్మలను వదలి వెళ్ళినాడని తేలును. కొన్నాళ్ళకు పిల్లవాడు పెట్టెను తెరువనీయడు. తల్లి పెట్టెను తూచి, దాని బరువునుబట్టి లోపలి దిమ్మలను గణించును. తొట్టిలోని మురికినీరు పైకెక్కిన ఎత్తునుబట్టి మునిగిపోయినవానిని గణించును. ఇట్లు ఒక్కొక్క పదము చేర్చుచు పోగా సమీకరణము పెరుగును, మొత్తము మాత్రము మారదు. అప్పుడు ఫైన్‌మన్ అసలు మాట చెప్పును: శక్తి విషయమున ఆ దిమ్మలే లేవు, లెక్క మాత్రమే ఉన్నది. శక్తి అనగా పనిచేయు సామర్థ్యమని ఒక వాక్యము వల్లించి ముగించు పాఠమునకును దీనికిని ఎంత దూరమున్నదో ఉపాధ్యాయులకు వేరుగ చెప్పనక్కరలేదు.

22వ అధ్యాయము ఇంతకంటె గొప్పది. 10కి వర్గమూలము 3.1623, దానికి వర్గమూలము 1.7783, ఇట్లు పదిసార్లు తీసినచో 1.00225 వచ్చును. చివరి మెట్లలో ఒకటికి పైనున్న శేషము ఇంచుమించు సగము సగముగా తగ్గుచుండుటను చూపి, ఆ ఒక్క గమనికతో సంవర్గమానముల పట్టిక ఎట్లు పుట్టునో చెప్పి, అక్కడినుండి సంకీర్ణసంఖ్యల ఘాతములదాక నడిపించును. తొమ్మిదవ తరగతి విద్యార్థి కాగితము, కలము పట్టుకొని సగము దూరము వెంట నడువగలడు.

రెండవ సంపుటములో ఈ సౌలభ్యము కానరాదు. విద్యుదయస్కాంతత్వపు మూలనియమములన్నియు మొదటి అధ్యాయముననే వచ్చిపడును. ఆవేశముల నడుమ బలమును తెలుపు కూలుంబు నియమము నాలుగవ అధ్యాయమున, వాటి ఛాయగా వచ్చును. సామాన్యమునుండి విశేషమునకు దిగు ఈ వరుస, విషయము తెలిసినవానికి కొండయెక్కి చూచినంత ఆనందము నిచ్చును. అయస్కాంతమును చేతబట్టి ఇనుపరజనును ఆడించని పిల్లవానికి మాత్రము అది మెట్లులేని కొండ. అన్నిటికంటె పెద్ద లోటు వేరొకటి: అధ్యాయముల చివర అభ్యాసములు లేవు. లెక్కలు చేయుట నేర్పు ఉపన్యాసములు మొదటి ఏట కొన్ని జరిగినను మూలసంపుటములలో చేరలేదు. 2006లో గాని అవి పుస్తకరూపమున రాలేదు.

ఈ లోటు ఫైన్‌మన్‌కు తెలియనిది కాదు. 1963లో వ్రాసిన ముందుమాటలో, పరీక్షల ఫలితములు చూడగా తన ప్రయత్నము విద్యార్థుల దృష్ట్యా సఫలము కాలేదని ఆయన చెప్పుకొనెను. అంతయు గ్రహించినవారు ఒకటి రెండు డజనులని లెక్కకట్టెను. రానురాను విద్యార్థులు తగ్గి, వారి స్థానమున ఆచార్యులు, పరిశోధకులు వచ్చి కూర్చుండిరని 1989 ముద్రణకు ముందుమాట వ్రాసినవారు తెలిపిరి. దీనిని సాండ్స్ ఒప్పుకొనలేదు. ఎవరి జ్ఞాపకము సరియైనదైనను, 180 మంది ఎదుట నిలిచి ఒక్కరు మాటలాడుట చిన్న విద్యాలయపు పద్ధతి కాదు. అది పెద్ద విద్యాలయపు పద్ధతియే.

చిన్న విద్యాలయపు పద్ధతి ఆ పాఠ్యక్రమములోనే మరియొక మూల నున్నది. ఉపన్యాసములకు తోడు విద్యార్థులు 15–20 మంది చొప్పున జట్లుగా కూర్చుండి, ఒక సహాయోపాధ్యాయునితో చర్చించి లెక్కలు చేయుచుండిరి. వారమున కొకమారు ప్రయోగశాల. సందేహము అడుగుటకు, తప్పు దిద్దుకొనుటకు చోటు అక్కడ. పుస్తకములోనికి రానివి ఇవే. విద్యార్థికిని ఉపాధ్యాయునికిని ముఖాముఖి సంబంధమే ఉత్తమబోధన యని ఫైన్‌మన్ సైతము తన ముందుమాట చివర అంగీకరించుట గమనింపదగినది.

ఆ ముఖాముఖి సంబంధమునకు ఫలము తెలుగునాటికి దూరమైనది కాదు. సతీష్ ధవన్ కాల్‌టెక్‌లో హాన్స్ లీప్‌మన్ అను ఆచార్యుని వద్ద పరిశోధించి 1951లో డాక్టరేటు పొందెను. ప్రవహించు గాలి ఒక పలక ఉపరితలమును రాచుకొనిపోవునప్పుడు కలుగు ఘర్షణను సూటిగా కొలుచుట ఆయన పని. పలకలో ఒక చిన్న ముక్కను స్వల్పముగా కదలునట్లు అమర్చి, గాలి దానిని ఎంత బలముతో ఈడ్చునో కనుగొనెను. చెప్పుటకు రెండు వాక్యములు; చేయుటకు గురువు ప్రక్కన నిలిచి సంవత్సరములు గడుపవలసిన పని. 1972 నుండి 1984 వరకు ఆయన భారత అంతరిక్ష పరిశోధన సంస్థకు అధ్యక్షుడు. శ్రీహరికోట కేంద్రమునకు 2002లో ఆయన పేరు పెట్టబడినది.

కనుక ఈ సంపుటములు పాఠశాలలో ఉండవలసిన స్థానము ఉపాధ్యాయుని బల్ల. విద్యార్థి సంచి కాదు. ఉపాధ్యాయుడు దిమ్మల కథను తన మాటలలో చెప్పవచ్చును. పదిసార్లు వర్గమూలములు తీయించి శేషములను పిల్లలచేతనే వ్రాయించవచ్చును. రెండవ, మూడవ సంపుటములను పిల్లలు కళాశాలలో చేరువరకు ఆపవచ్చును. 2013–14లో కాల్‌టెక్ వారు మూడింటిని అంతర్జాలమున ఉచితముగా చదువుకొన వీలు కల్పించినందున వెల భయము లేదు. అభ్యాసముల పుస్తకము మాత్రము 2014లో విడిగా ముద్రింపబడినది, దానిని కొనవలెను.