వాస్తుశాస్త్రం ఎవరి జ్ఞానం?

మన ప్రాచీన వాస్తుశాస్త్రం పర్యావరణ శాస్త్రమేనని ఈ మధ్య విద్యావంతులే వాదిస్తున్నారు. గాలి, వెలుతురు, నీటివాలు, స్థానికంగా దొరికే మట్టి, కలప – వీటి మర్మం మన పూర్వులు ఎరుగుదురంటారు. ఎరుగుదురు, కాదనను. ఆ పూర్వులెవరన్నదే నా ప్రశ్న.

ఆరవ శతాబ్దివాడైన వరాహమిహిరుని బృహత్సంహితలో వాస్తువిద్యాధ్యాయం చూడండి. స్థలపరీక్షకు మూరెడు గొయ్యి తవ్వి, ఆ మట్టితోనే తిరిగి పూడ్చమంటాడు. మట్టి మిగిలితే నేల మంచిది, చాలకపోతే చెడ్డది. నీళ్లు నింపి, నూరడుగులు నడిచి వచ్చేసరికి తగ్గకపోతే మేలైన నేల. ఇది నేల గట్టిదనాన్ని కనిపెట్టే పద్ధతి; పలుగు పట్టినవాడి అనుభవం ఇందులో ఉన్నది. కాని అదే గోతిలో నాలుగు వర్ణాలకు నాలుగు రంగుల పూలు రాత్రంతా ఉంచి, ఏ రంగు పువ్వు వాడకపోతే ఆ వర్ణానికి ఆ స్థలం తగినదని కూడా ఆ గ్రంథమే చెబుతుంది. ఇంటి వెడల్పు బ్రాహ్మణునికి 32 మూరల దాకా ఉండవచ్చు. ఆపై వర్ణానికి నాలుగేసి మూరలు తగ్గి శూద్రునికి 20, ఇంకా కిందివారికి 16 కంటె తక్కువ. ఈ కొలతల్లో ఎండ లెక్క లేదు, వాన లెక్క లేదు. మొదటి పరీక్షను చూపించి మిగిలినవాటిని దాచిపెట్టడాన్ని వకాల్తా అంటారు గాని విమర్శ అనరు.

మండువా లోగిలి వేసవిలో చల్లగా ఉండే మాట నిజం. మందపాటి మట్టిగోడ పగటి వేడిని ఆలస్యంగా లోపలికి పంపుతుంది, నడిమి ఖాళీ గుండా వేడిగాలి పైకి పోతుంది. ఈ పనికి వాస్తుపురుషుని సాయం అక్కరలేదు. (ఆ లోగిళ్లు ఎక్కువగా ఎవరివో పాఠకులకు వేరే చెప్పాలా?) ఉత్తరాంధ్ర తీరంలోని చుట్టిల్లు ఇంతకంటె గొప్ప పాఠం. గుండ్రని మట్టిగోడ, నేలదాకా వంగిన తాటాకు కప్పు. తుఫాను గాలికి ఎదురునిలిచే మూల లేదు, గాలి చుట్టూ జారిపోతుంది. మూలలే లేని ఇంటికి ఈశాన్యమెక్కడ? దాన్ని కట్టుకున్న బెస్తవాడు ఏ సంహితా చదవలేదు, చదవనిచ్చినవారూ లేరు.

1970ల నుంచి తిరువనంతపురంలో లారీ బేకర్ కట్టిన చవక ఇళ్లు చూడండి. ఇటుకను నిలబెట్టి నడుమ బోలు వదిలే కట్టుబడితో ఆయన సుమారు నాలుగోవంతు ఇటుక ఆదా చేశాడు. అంతకుముందు హిమాలయ గ్రామాల్లో ఉన్నప్పుడు అక్కడి పనివాళ్ల కట్టుబడి చూసి నేర్చుకున్నాడు.

ఇక నేటి వాస్తు సిద్ధాంతి గట్టిగా ఉన్న గోడను ద్వారం మార్చడానికి పగలగొట్టిస్తాడు, దాని స్థానంలో కొత్త సిమెంటు పోయిస్తాడు. ఆ సిమెంటు కోసం సున్నపురాయిని కాల్చినప్పుడల్లా బొగ్గుపులుసు వాయువు వెలువడుతుంది. ఈయనను పర్యావరణవాది అనమంటే నేను అనలేను.