ఎక్కడ రాసి ఉంది?

ముస్లిం చట్టం గురించి తెలియనివాళ్లు ఈ దేశంలో లేరు. చదివినవాళ్లే తక్కువ. పత్రికల్లో రాసేవాళ్లకు తెలుసు, హోటల్లో చాయ్ తాగేవాళ్లకు తెలుసు, మా బస్తీ పెద్దలకూ తెలుసు. ఒకరు 'వాళ్ల షరియత్‌లో అంతే' అంటారు. ఇంకొకరు 'మన షరియత్‌లో అంతే' అంటారు. ఇద్దరి దగ్గరా 'అంతే' మాత్రం మారదు. ఆ మాట ఎక్కడ రాసి ఉంది, ఎవరు రాశారు, ఇవాళ అది నిలిచి ఉందా? లా చదివే మాకు న్యాయ పరిశోధన అంటే ఈ మూడు ప్రశ్నలే.

తరగతిలో ఈ ప్రశ్నలకు చోటు తక్కువ. పాఠం ముల్లా పుస్తకంతో మొదలై గైడుతో ముగుస్తుంది. డి.ఎఫ్. ముల్లా రాసిన 'ప్రిన్సిపుల్స్ ఆఫ్ మహమ్మడన్ లా' చట్టం కాదు. 20వ శతాబ్దం తొలినాళ్లలో ఒక పార్సీ న్యాయవాది తీర్పులనూ, ఇంగ్లీషులో దొరికిన గ్రంథాలనూ కుదించి సెక్షన్ల నంబర్లు వేసిన పుస్తకం. ఆయన శ్రమను తక్కువ చేయడం లేదు. కానీ ఆ నంబర్లను చూసి అవి శాసనసభ చేసిన సెక్షన్లే అనుకుని విద్యార్థులు అప్పజెబుతున్నారు. ఆ గ్రంథాల్లో ముఖ్యమైన హిదాయా 12వ శతాబ్దపు అరబ్బీ రచన. దాన్ని ఫారసీలోకి తెచ్చారు. ఆ ఫారసీ నుంచి చార్లెస్ హామిల్టన్ ఇంగ్లీషు చేసి 1791లో అచ్చువేశాడు. ఇన్ని చేతులు మారినదాన్ని మూలమని ఎలా అనుకోవాలి?

పొలం సంగతే చూడండి. 1937 షరియత్ చట్టం రెండో సెక్షన్ వ్యవసాయ భూమిని మినహాయించింది. అంతవరకే చదివినవాడు పొలంలో షరియత్ వాటా అడిగే హక్కు ఆడబిడ్డకు లేదని రాసేస్తాడు. 1949లో మద్రాసు శాసనసభ ఆ మినహాయింపును తీసేసింది. ఆంధ్ర ప్రాంతం అప్పుడు మద్రాసులోనే ఉంది. రాష్ట్ర సవరణ వెతికే అలవాటు లేకపోతే పోయేది మార్కులు కాదు, ఒక చెల్లెలి వాటా.

తీర్పుల సంగతీ ఇంతే. హెడ్‌నోట్ తీర్పు కాదు, రిపోర్టు ఎడిటర్ రాసిన సారాంశం. 1985 షాబానో తీర్పు అనగానే అందరికీ ఉమ్మడి పౌరస్మృతి గుర్తొస్తుంది. కేసు తేలడానికి ఆ వ్యాఖ్య అవసరమే లేదు. తేల్చిన విషయం మనోవర్తి. ఏది తీర్పు, ఏది పక్కమాట అని వేరుచేయడం మొదటి ఏడాది పాఠం. దాన్ని మరిచి దేశమంతా పోట్లాడుకుంది. తర్వాత 1986 చట్టం వచ్చింది. 'ఇద్దత్ మూడు నెలలే' అని మావాళ్లు ఇప్పటికీ అంటుంటారు. ఇద్దత్ లోపలే భార్య భవిష్యత్తుకూ సరిపడా ఏర్పాటు చేయాలని 2001లో డేనియల్ లతీఫీ కేసులో సుప్రీంకోర్టు ఆ చట్టానికే అర్థం చెప్పింది. విడాకులు పొందిన ముస్లిం స్త్రీకి క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 125వ సెక్షన్ కూడా వర్తిస్తుందని 2024 జూలైలో మన తెలంగాణ నుంచి వెళ్లిన కేసులో మళ్లీ చెప్పింది. అదే నెల మొదటి తేదీ నుంచి ఆ సెక్షన్ స్థానంలో నాగరిక్ సురక్షా సంహిత 144వ సెక్షన్ అమల్లోకి వచ్చింది. నిరుటి గైడు పట్టుకుని కూర్చుంటే ఇవేవీ దొరకవు.

ఎప్పుడో తలాక్ ఇచ్చేశానని భర్త కోర్టు జవాబులో రాస్తే అదే తలాక్ అయిపోతుందని చాలా కోర్టులు నమ్మాయి. అలాంటి పద్ధతికి ఆధారమైన గ్రంథవాక్యమేదీ తన ముందుకు రాలేదని 2002లో షమీమ్ ఆరా కేసులో సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. కోర్టు అడిగిందీ మా ప్రశ్నే: ఎక్కడ రాసి ఉంది?

అందుకే ముస్లిం లా పేపరులో పూర్తి తీర్పు చదివి రాసినవాళ్లకు మార్కులు వేయాలి. అరబ్బీ తెలిసిన మదర్సా విద్యార్థినీ, చట్టం తెలిసిన లా విద్యార్థినీ ఒకే బల్ల దగ్గర కూర్చోబెట్టాలి. మా మీద తీర్పులు చెప్పే లౌకిక మిత్రులైనా, మా తరఫున మాట్లాడే పెద్దలైనా ముందు కాగితం చూపించాలి. ఆ తర్వాతే వాదన.