ధైర్యానికి జీతం ఎవరిస్తారు?

రమోనా డియాజ్ తీసిన 'ఎ థౌజండ్ కట్స్' (2020) డాక్యుమెంటరీ చూసినవాళ్ళు ఎక్కువగా మరియా రెస్సా నవ్వు గురించి మాట్లాడతారు. నిజమే, అరెస్టు వారంట్ల మధ్య, ఫేస్‌బుక్‌లో వరదలా వచ్చిపడే బూతుల మధ్య ఆవిడ అంత తేలిగ్గా ఎలా నవ్వగలుగుతుందా అనిపిస్తుంది. ఫిలిప్పీన్స్‌లో డుటెర్టే అధ్యక్షుడిగా ఉన్న రోజులు, 2019 మధ్యంతర ఎన్నికలు, 'రాప్లర్' అనే వార్తా వెబ్‌సైటు, దాన్ని నడిపే నలుగురు ఆడవాళ్ళలో ఒకావిడ. సినిమా స్థూలంగా ఇదీ.

డియాజ్ గొప్ప పని ఏం చేసిందంటే కెమెరాని అటువైపుకి కూడా తీసుకెళ్ళింది. మాదకద్రవ్యాల మీద యుద్ధం పేరుతో వేలమంది చనిపోయినప్పుడు పోలీసు బాసుగా ఉన్న బాటో డెలా రోసా సెనేట్‌కి పోటీ చేస్తూ ప్రచార సభల్లో పాటలు పాడతాడు, డాన్సు చేస్తాడు. జనం నవ్వుతుంటారు. విలన్‌ని విలన్‌లా చూపించకుండా వదిలేయడం వల్ల ఆ దృశ్యాలు ఇంకా ఎక్కువ భయపెడతాయి. ఆయన గెలిచాడు కూడా. ఇటువైపు ప్రతిపక్షం నుంచి పోటీ చేసిన సమీరా గుటోక్ ఓడిపోయింది.

ఇంత బాగున్న సినిమా అయిపోయాక నాకు మిగిలిన ప్రశ్న మాత్రం చాలా చప్పటిది: ఆ ఆఫీసు అద్దె ఎవరు కడుతున్నారు?

ఇది పక్కదారి ప్రశ్న కాదు. రాప్లర్ మీద పడ్డ కేసుల్ని వరసగా పెట్టి చూడండి. అందరికీ తెలిసింది సైబర్ పరువునష్టం కేసు, 2020 జూన్‌లో రెస్సాకి శిక్ష పడిన కేసు. అది ఒక వార్తకి సంబంధించింది. మిగతావాటిలో చాలాభాగం మాత్రం ఒకే ఒక్క ఆర్థిక లావాదేవీ చుట్టూ తిరుగుతాయి. 2015లో ఈబే స్థాపకుడు పియెర్ ఒమిడ్యార్‌కి చెందిన ఒమిడ్యార్ నెట్‌వర్క్ రాప్లర్‌లో పెట్టుబడి పెట్టింది. ఫిలిప్పీన్స్ 1987 రాజ్యాంగం ప్రకారం వార్తా సంస్థలు నూటికి నూరుపాళ్ళూ ఆ దేశ పౌరుల చేతుల్లోనే ఉండాలి. అందుకని షేర్లు కాకుండా 'డిపాజిటరీ రిసీట్లు' అనే కాగితాలు అమ్మారు. లాభంలో వాటా వస్తుంది, యాజమాన్యం రాదు. అక్కడి పెద్ద మీడియా కంపెనీలు కూడా వాడుకున్న పద్ధతే అది.

2017 జూలైలో డుటెర్టే తన వార్షిక ప్రసంగంలో రాప్లర్ అమెరికన్ల సొత్తు అన్నాడు. 2018 జనవరిలో సెక్యూరిటీస్ కమిషన్ లైసెన్సు రద్దు చేసింది. మరుసటి నెలలోనే ఒమిడ్యార్ ఆ రిసీట్లని రాప్లర్‌లో పనిచేసే 14 మంది ఫిలిపినో మేనేజర్లకి ఉచితంగా ఇచ్చేసింది. అయినా ఆగలేదు. ఆ రిసీట్ల అమ్మకం మీద పన్ను ఎగ్గొట్టారని కేసులు. 2019 మార్చిలో రెస్సాని విమానాశ్రయంలో అరెస్టు చేసింది కూడా విదేశీ యాజమాన్యం కేసులోనే. అంటే రాసిన వార్తల కోసం వేటాడారు, పట్టుకోవడానికి మాత్రం డబ్బు వచ్చిన దారిని వాడుకున్నారు.

సినిమా దీన్ని దాచిపెట్టలేదు. కానీ దాని మీద నిలబడలేదు. డిపాజిటరీ రిసీట్‌ని క్లోజప్‌లో చూపించలేం కదా! రెస్సా రాసిన 'హౌ టు స్టాండ్ అప్ టు ఎ డిక్టేటర్' (2022) పుస్తకం ఈ విషయంలో కొంత మెరుగు. అందులో నాకు బాగా నచ్చినవి ఫేస్‌బుక్ గురించిన అధ్యాయాలు. అల్గారిదం అనే మాటని దెయ్యంలా వాడకుండా, 26 దొంగ అకౌంట్లు ఎలా ముప్ఫై లక్షల మందిదాకా చేరగలవో లెక్క కట్టిన మనిషి ఆవిడ. మా ఫీల్డులో ఉన్నవాళ్ళు కూడా అంత స్పష్టంగా చెప్పరు. అయితే అదే పద్ధతిని సొంత ఆదాయం మీద ప్రయోగించదు. అక్కడికొచ్చేసరికి పుస్తకం మళ్ళీ ధైర్యం, నిజాయితీ, స్నేహం అనే మాటల్లోకి వెళ్ళిపోతుంది.

సినిమా వదిలేసిన లెక్క నాకు ఇంకోచోట దొరికింది. జాన్ మెక్‌మిలన్, పాబ్లో జోయిడో అనే ఇద్దరు 2004లో రాసిన ఒక ఆర్థికశాస్త్ర వ్యాసం, పెరూ గురించి. అధ్యక్షుడు ఫుజిమోరి దగ్గర గూఢచారి వ్యవస్థని నడిపిన వ్లాదిమిరో మాంటెసినోస్‌కి ఒక విచిత్రమైన అలవాటు ఉండేది. లంచం ఇస్తూ వీడియో తీయించేవాడు, రసీదులు దాచేవాడు, టీవీ యజమానులతో కాంట్రాక్టులు కూడా రాయించుకున్నాడు. (ఇంత పద్ధతిగా డాక్యుమెంటేషన్ చేసే ఆఫీసు నేనింకా చూడలేదు.) ఆ కాగితాలు బయటపడ్డాక ప్రజాస్వామ్యంలో ఏ అంగం ఎంత ఖరీదు చేస్తుందో రేట్లతో సహా తెలిసిపోయింది. ఒక టీవీ చానల్ యజమానికి మామూలుగా అందే లంచం ఒక రాజకీయ నాయకుడికి అందేదానికి దాదాపు వంద రెట్లు. జడ్జీలకి నాయకుల కన్నా కొంచెం తక్కువే. ఒక్క చానల్‌కే నెలకి 15 లక్షల డాలర్ల దాకా ముట్టింది.

పత్రికాస్వేచ్ఛ ఎంత విలువైందో చెప్పడానికి మనం ఉపన్యాసాలిస్తాం. మాంటెసినోస్ చెక్కు రాశాడు. జడ్జీ తప్పు తీర్పిస్తే టీవీ చెబుతుంది, నాయకుడు అమ్ముడుపోతే టీవీ చెబుతుంది, టీవీయే అమ్ముడుపోతే చెప్పేవాడు లేడు. అందుకే ఆ ధర.

కొనలేనివాళ్ళని ఏం చేశాడన్నది ఇంకా ఆసక్తికరం. ఫ్రెకుయెన్సియా లాటినా అనే చానల్ యజమాని బారుక్ ఇవ్చెర్ చిత్రహింసల మీద, ఫోన్ ట్యాపింగ్ మీద కథనాలు వేశాడు. ఆయన ఇజ్రాయెల్‌లో పుట్టి పెరూ పౌరసత్వం తీసుకున్న మనిషి. 1997లో ఆ పౌరసత్వాన్ని రద్దు చేశారు. విదేశీయుడు టీవీ చానల్ నడపకూడదని చట్టం ఉంది కాబట్టి చానల్ చిన్న వాటాదారుల చేతికి పోయింది. పెరూలో 1997, ఫిలిప్పీన్స్‌లో 2018. ఆయుధం ఒక్కటే: నీ డబ్బు, లేదా నువ్వు, బయటివి.

మాంటెసినోస్ వదిలేసింది కెనాల్ ఎన్ అనే కేబుల్ చానల్‌ని. చందా కట్టి చూడాల్సిన చానల్ కాబట్టి చూసేవాళ్ళు తక్కువ, దాన్ని కొనడం దండగ అనుకున్నాడు కాబోలు. 2000 సెప్టెంబర్ 14న, మాంటెసినోస్ ఒక ప్రతిపక్ష సభ్యుడికి నోట్లు లెక్కపెట్టి ఇస్తున్న వీడియోని ఆ చానల్ ప్రసారం చేసింది. ఆ తర్వాత మిగతా చానళ్ళకీ చూపించక తప్పలేదు. నవంబరుకల్లా ఫుజిమోరి జపాన్ నుంచి ఫ్యాక్స్‌లో రాజీనామా పంపాడు. కెనాల్ ఎన్ ఒక్కటే ప్రభుత్వాన్ని పడగొట్టిందని నేననడం లేదు. ఎవరో టేపు బయటికి తేవాలి, ఒక చిన్న పార్టీ దాన్ని బయటపెట్టే సాహసం చెయ్యాలి. కానీ ఆ టేపు పట్టుకుని వెళ్ళడానికి అమ్ముడుపోని గుమ్మం ఒకటి ఉండాలి కదా, అది ఉంది.

ఈ వ్యాసం చదివి చాలామంది దాతలు ఒక తేలిక లెక్కకి వచ్చేస్తారు. పేద దేశాల్లో జర్నలిజం ఇంత చవగ్గా నడుస్తోంది, ప్రభావం ఇంత పెద్దది, కాబట్టి బయటినుంచి డబ్బు పోద్దాం అని. లెక్క తప్పు కాదు గానీ సగమే. మిగతా సగం 2025 జనవరిలో కనిపించింది. ట్రంప్ విదేశీ సాయాన్ని స్తంభింపజేశాక రిపోర్టర్స్ వితౌట్ బోర్డర్స్ బయటపెట్టిన వివరాల ప్రకారం, యూఎస్ఎయిడ్ 2023లో 6,200 మంది జర్నలిస్టులకి, 707 ప్రభుత్వేతర వార్తా సంస్థలకి ఏదో ఒక రూపంలో సాయం చేసింది. ఉక్రెయిన్‌లో పదింట తొమ్మిది సంస్థలు ఇలాంటి సాయం మీదే బతుకుతున్నాయట. ఒక్క సంతకంతో అంతా ఆగింది. మా భాషలో దీన్ని సింగిల్ పాయింట్ ఆఫ్ ఫెయిల్యూర్ అంటారు. ఏ సిస్టమ్ అయినా ఇలా కడితే రివ్యూలో తిప్పికొడతాం.

మన దగ్గరైతే ఆ దారి దాదాపు మూసే ఉంది. 2010 నాటి విదేశీ విరాళాల చట్టం పత్రికల ఎడిటర్లు, కాలమిస్టులు విదేశీ విరాళం తీసుకోకూడదంటుంది. ఆ జాబితాలో కార్టూనిస్టులు కూడా ఉన్నారు! డిజిటల్ వార్తల్లో విదేశీ పెట్టుబడికి 2019లో 26 శాతం పరిమితి పెట్టారు. మరుసటి ఏడాది హఫ్‌పోస్ట్ ఇండియా మూతపడింది. సరే, మన డబ్బుతోనే నడుపుకుందాం అంటే, మన దేశపు సంపన్నుల విరాళాలతో డిజిటల్ వార్తా సంస్థలకి గ్రాంట్లిచ్చే బెంగళూరు ఫౌండేషన్ ఐపీఎస్ఎమ్ఎఫ్‌కి 2022 సెప్టెంబరులో ఆదాయపన్ను అధికారులు వచ్చారు. ఇక తెలుగులో పత్రిక పేరు చెబితే పార్టీ పేరు ఠక్కున చెప్పేసే పాఠకులం మనం. యజమాని మిగతా వ్యాపారాలేమిటో కూడా చెబుతాం. అంతా తెలిసీ చదువుతాం, మన పార్టీదైతే ఇంకాస్త ఇష్టంగా చదువుతాం. మాంటెసినోస్‌కి కూడా ఇంత సుఖం దక్కలేదు.

అందుకే ధైర్యం కథగా మాత్రమే చెప్పే సినిమాలంటే నాకు కొంచెం ఇబ్బంది. అవి చూసి మనం చప్పట్లు కొట్టి లేస్తాం. ధైర్యం మరియా రెస్సా దగ్గర ఉంది, మన వంతు మెచ్చుకోవడం. రెస్సాకి మాత్రం ఈ పని విభజన మీద నమ్మకం ఉన్నట్టు లేదు. 2021 నోబెల్ తర్వాత ఆవిడ పట్టుదలగా చేసిన పనుల్లో ఒకటి పేద దేశాల వార్తా సంస్థల కోసం నిధి సమకూర్చడం. ఆ అంతర్జాతీయ నిధికి సహ అధ్యక్షురాలిగా ఉండి, ప్రభుత్వాల్నీ ఫౌండేషన్లనీ అడగడం. డబ్బిచ్చే చేతులు ఎన్ని ఎక్కువైతే ఒక్కొక్కరి పట్టు అంత తగ్గుతుంది, నిజమే. విదేశీ డబ్బు అనే పాత ఆయుధానికి మాత్రం ఆ నిధి దగ్గర జవాబు లేదు. చందాదారుల డబ్బుకి ఆ జవాబు ఉంది గానీ, పేద దేశంలో చందాదారులెందరు?

సినిమా తర్వాతి కథ చెప్పాలి. పన్ను కేసులన్నీ 2023లో కొట్టేశారు. డుటెర్టే 2025 మార్చిలో అరెస్టయి హేగ్‌కి చేరాడు. రాప్లర్ లైసెన్సు రద్దు చెల్లదని, ఒమిడ్యార్ ఆ కాగితాల్ని ఇచ్చేసిన సంగతిని కమిషన్ లెక్కలోకి తీసుకుని ఉండాల్సిందని అప్పీల్స్ కోర్టు 2024 జూలైలో తీర్పిచ్చింది. ఇచ్చేసింది 2018 ఫిబ్రవరిలో. ఆ ఆరేళ్ళూ లాయర్లకి ఫీజులు, రిపోర్టర్లకి జీతాలు నెలనెలా ఎక్కణ్ణించి తెచ్చారన్నది ఇంకా ఎవరూ తీయని సినిమా. నేనైతే టికెట్ కొంటాను.