రెండు పక్కలా ఒకేలా ఉంటే

మెదడు స్కాన్లు చదివే రేడియాలజిస్టుకు శిక్షణలో మొదట అబ్బే అలవాటు ఎడమ పక్కను కుడి పక్కతో పోల్చి చూడటం. మెదడు నిర్మాణం చాలావరకు ఇరువైపులా సమానంగా ఉంటుంది కాబట్టి, ఒక పక్క లేని తెలుపు రెండో పక్క కనిపిస్తే కన్ను దానంతట అదే అక్కడ ఆగుతుంది. అయితే పిడుదుకాటుతో పిల్లలకు సోకే మెదడువాపులో అత్యధిక చిత్రాలు ఏ తేడా లేకుండా వస్తాయి. తేడా ఉన్న కొద్ది చిత్రాల్లోనూ అది కొన్నిసార్లు రెండు పక్కలా ఒకేలా ఉండి, పోల్చి చూసే ఆ అలవాటునే నిరుపయోగం చేస్తుంది.

మధ్య ఐరోపా, బాల్టిక్ దేశాలు, స్వీడన్ దక్షిణ భాగం మొదలుకొని సైబీరియా మీదుగా రష్యా తూర్పు కొస దాకా ఉన్న అడవుల్లో ఈ వ్యాధి ఉంది. ఆస్ట్రియా వైద్యుడు హాన్స్ ష్నైడర్ 1931లో దీన్ని వర్ణించగా, 1937లో లెవ్ జిల్బర్ నాయకత్వంలో వెళ్లిన సోవియట్ బృందం వైరస్‌ను వేరుచేసింది. డెంగ్యూ, జపనీస్ మెదడువాపు వైరస్‌లు కూడా ఈ కుటుంబానివే. సాధారణంగా పిడుదు కుట్టిన ఒకటి రెండు వారాలకు జ్వరం వచ్చి తగ్గుతుంది, కొన్నాళ్లు పిల్లవాడు బాగానే ఉంటాడు, ఆ తర్వాత తలనొప్పి, వాంతులు, మగతతో రెండో విడత మొదలవుతుంది. కాచని మేకపాల ద్వారా కూడా ఇది సోకుతుంది కాబట్టి పిడుదుకాటు గుర్తులేదన్న మాటతో వ్యాధి లేదని తేల్చడానికి వీల్లేదు. పిల్లల్లో ఎక్కువమందికి మెదడు పొరల వాపు దగ్గరే ఇది ఆగిపోతుంది. మెదడు కణజాలం దాకా పాకేది కొందరిలోనే.

రోగ నిర్ధారణ జరిగేది రక్తంలోనూ, వెన్నులోంచి తీసిన నీటిలోనూ యాంటీబాడీల పరీక్షతో, స్కాన్‌తో కాదు. నైరుతి జర్మనీలో 1994-98 మధ్య ఈ వ్యాధి సోకినవారిపై జరిగిన ఒక పరిశీలనలో 102 మందికి ఎంఆర్‌ఐ తీయగా 18 మందిలో మాత్రమే మార్పులు కనిపించాయి, అవీ ప్రధానంగా మెదడు నడిమధ్యనుండే థలామస్‌లోనే; మెదడు విద్యుత్ చర్యను నమోదు చేసే ఈఈజీలో మాత్రం అంతకన్నా చాలా ఎక్కువమందిలో తేడాలు బయటపడ్డాయి. సీటీ స్కాన్ అయితే దాదాపు ఎప్పుడూ మామూలుగానే ఉంటుంది. వెన్నునీరు తీసే ముందు తలలో ప్రమాదకరమైన ఒత్తిడి గానీ, గడ్డ గానీ లేదని చూసుకోవడానికి దాన్ని తీస్తారు.

నీటి అణువుల్లోని హైడ్రోజన్ కేంద్రకాలను బలమైన అయస్కాంత క్షేత్రంలో రేడియో తరంగాలతో కదిలించి, అవి తిరిగి ఇచ్చే సంకేతాన్ని చిత్రంగా మార్చేది ఎంఆర్‌ఐ. టీ2 అనే పద్ధతిలో నీరు ఎక్కువున్న చోటల్లా తెల్లబడుతుంది కాబట్టి, వాచిన కణజాలంతో పాటు మెదడు గదుల్లోని ద్రవం కూడా తెల్లగానే కనిపిస్తుంది. ఫ్లెయిర్ అనే పద్ధతి ఆ ద్రవం సంకేతాన్ని అణచివేసి వాపు తెలుపును మిగులుస్తుంది. మెదడు నడిమధ్యన, మూడో గదికి అటూ ఇటూ పావురం గుడ్ల ఆకారంలో ఉండే రెండు బూడిదరంగు ముద్దలే థలామస్‌లు. ఈ వ్యాధిలో చూపు ముందు వెళ్లవలసింది వాటి మీదికే. తర్వాత చిన్నమెదడు, మెదడు కాండం, లోతుల్లోని కాడేట్ కేంద్రకం. రెండు థలామస్‌లూ సమానంగా, పలుచగా తెల్లబడినప్పుడు పక్క పక్కన పెట్టి చూస్తే తేడా ఏమీ తెలియదు. ఆ వయసు బిడ్డలో థలామస్ ఎంత నల్లగా ఉండాలో కంటికి ముందే తెలిసి ఉండాలి.

పిల్లల రేడియాలజీ పెద్దల రేడియాలజీ నుంచి విడిపోయేది ఇక్కడే. నరాల తంతువులను చుట్టుకొనే మైలిన్ అనే కొవ్వు పొర పుట్టుకనాటికి కొన్ని మార్గాల్లోనే ఏర్పడి, మిగిలినచోట్ల రెండేళ్లపాటు క్రమంగా పరుచుకుంటుంది. అది ఏర్పడని చోట నీరు ఎక్కువ కాబట్టి పసిబిడ్డ తెల్లపదార్థం టీ2లో సహజంగానే తెల్లగా ఉంటుంది. ఏడాది బిడ్డ ఫ్లెయిర్ చిత్రాన్ని పెద్దవాళ్ల చిత్రాలకు అలవాటుపడిన కన్ను చూస్తే లేని జబ్బును చూడవచ్చు, ఉన్నదాన్ని వయసు కింద జమకట్టి వదిలేయవచ్చు. వీటిలో రెండోదే ఎక్కువ ప్రమాదం.

అసలు చిత్రం తీయడమే ఒక పరీక్ష. చెవులు చిల్లులుపడే చప్పుడు మధ్య చాలాసేపు కదలకుండా పడుకోవడం నాలుగేళ్ల బిడ్డకు సాధ్యం కాదు, కదిలితే చిత్రం చెదిరిపోతుంది. మూడు నెలల లోపు పసికందుకు పాలు పట్టి, గుడ్డలో చుట్టి నిద్రపుచ్చి తీయవచ్చు గానీ, ఆ పైవారికి తరచుగా మత్తు తప్పదు. మెదడువాపు ఉన్న బిడ్డకు మత్తిస్తే శ్వాస మందగించి రక్తంలో కార్బన్ డయాక్సైడ్ పెరుగుతుంది, దానితో మెదడు రక్తనాళాలు వెడల్పై తలలో ఒత్తిడి ఇంకా ఎక్కువవుతుంది. అందువల్ల ఈ స్కాన్‌తో ఏ ప్రశ్నకు జవాబు కావాలో ముందే తేల్చుకోకుండా బిడ్డను యంత్రం దాకా తీసుకువెళ్లడం మంచి వైద్యం అనిపించుకోదు.

ఆ ప్రశ్న తరచుగా పిడుదు వైరస్ గురించి కాదు. దానికి విరుగుడు మందు లేదు. ముందుగా వేసే టీకా మాత్రమే ఉంది, ఆస్ట్రియా 1981 నుంచి దాన్ని దేశవ్యాప్తంగా ప్రోత్సహిస్తోంది. రేడియాలజిస్టు వెతకవలసినవి మందు ఉన్న జబ్బులు: కణతల వైపు మెదడును దెబ్బతీసే హెర్పిస్ మెదడువాపుకు ఎసైక్లోవిర్ ఉంది, లోతు సిరల్లో రక్తం గడ్డకట్టడం వల్ల కూడా రెండు థలామస్‌లూ ఉబ్బుతాయి, దానికి వేరే చికిత్స ఉంది. తెలుగు కుటుంబాలు ఉద్యోగాల కోసం స్థిరపడిన జర్మనీ దక్షిణ రాష్ట్రాలు ఈ పిడుదుల ప్రాంతాలే కాబట్టి అక్కడ ఇంకో చిక్కు కూడా ఉంది. థలామస్‌లను రెండు పక్కలా తాకడంలో జపనీస్ మెదడువాపుది ముందుపేరు, వేసవి సెలవులకు ఊరొచ్చి వెళ్లిన బిడ్డకు ఆ అవకాశాన్ని కొట్టిపారేయలేరు. పైగా ఒకప్పటి డెంగ్యూ గానీ, జపనీస్ మెదడువాపు టీకా గానీ మిగిల్చిన ఐజీజీ యాంటీబాడీలు పిడుదు వైరస్ పరీక్షలోనూ పాజిటివ్ చూపించగలవు. అప్పుడు న్యూట్రలైజేషన్ అనే మరింత కచ్చితమైన పరీక్ష అవసరమవుతుంది. స్కాన్ కోరుతూ రాసే కాగితంలో ‘జ్వరం, మగత’ అని మాత్రమే రాసి, బిడ్డ ఎక్కడ ఉన్నాడో, ఏ టీకాలు వేయించుకున్నాడో రాయకపోతే, చిత్రం చదివేవారి చేతికి సగం సమాచారమే అందినట్టు.

కోలుకున్నాక కూడా చిత్రం చెప్పేది కొంతే. ఈ వ్యాధి తర్వాత కొందరు పిల్లల్లో అలసట, తలనొప్పి, విన్న విషయాన్ని మనసులో పట్టి ఉంచుకొని దానితో పని చేసే శక్తి తగ్గడం వంటివి ఏళ్ల తరబడి నిలుస్తాయని స్వీడన్ వైద్యులు గుర్తించారు. తొలి ఎంఆర్‌ఐ మామూలుగా ఉన్న బిడ్డ బడిలో వెనకబడుతుంటే, మళ్లీ మత్తిచ్చి ఇంకో స్కాన్ తీయించడం కన్నా న్యూరోసైకాలజిస్టు దగ్గర కూర్చోబెట్టి జ్ఞాపకశక్తిని, ఏకాగ్రతను పరీక్షించడం, ఆ ఫలితాన్ని టీచర్‌కు చూపించి లెక్కల పరీక్షకు కాస్త ఎక్కువ సమయం అడగడం ఉపయోగకరం.