సిపాయి ఒళ్లు, షికారీ గొట్టం

హైదరాబాద్ శివారు జల్‌పల్లి పక్కనే బార్కాస్. నిజాం కొలువులో చేరిన అరబ్బు సిపాయిల సంతతి ఇప్పటికీ అక్కడే ఉంది. ఇంకోవైపు కొన్ని మైళ్లు పోతే వనస్థలిపురంలో జింకల పార్కు. ఒకప్పుడది నిజాముల షికారు బీడు. సిపాయి బస్తీకీ వేట మైదానానికీ మధ్య దూరం ఇంతే. ప్రపంచంలో చాలాచోట్ల సిపాయి తుపాకీ చవగ్గా వేటగాడి చేతికొచ్చింది. మన దగ్గర మాత్రం సర్కారు దాన్ని రానివ్వలేదు. మన వేట రైఫిలు రూపురేఖలు ఆ అడ్డంకి దిద్దినవే.

అమెరికాలో కథ వేరు. మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత స్ప్రింగ్‌ఫీల్డ్ రైఫిళ్లు, జర్మన్ మౌజర్లు తక్కువ ధరకు దొరికాయి. వాటిని వేటకు పనికొచ్చేలా దిద్దడమే స్పోర్టరైజింగ్. గొట్టం మీది చెక్క తొడుగు తీసేయడం, బాయ్‌నెట్ కొక్కెం ఊడదీయడం, బరువైన కుందా స్థానంలో భుజానికి కుదిరే అక్రోటు చెక్క కుందా అమర్చడం. 1923లో మొదలైన న్యూయార్క్ సంస్థ గ్రిఫిన్ అండ్ హౌ ఈ పనిని కళ స్థాయికి తీసుకెళ్లింది. ఇంటి షెడ్డులో రంపం పట్టి మంచి తుపాకీని పాడుచేసినవాళ్లకూ లెక్కలేదు. మ్యూజియంలో ఉండాల్సినవి ఎన్నో అలా తెగిపోయాయని సేకర్తలు ఈనాటికీ వాపోతారు. ఆ బాధలో న్యాయముంది. కానీ ఆ రోజుల్లో పేద రైతు ఇంటికి జింక మాంసం తెచ్చిపెట్టింది ఆ తెగిన తుపాకీయే.

మన దేశానికి వద్దాం. 1857 తర్వాత తెల్లదొరలకు ఒకటే బెంగ: తమ తూటా తమ మీదికే తిరిగొస్తే? అందుకని సైన్యం వాడే కొలత తుపాకీని ప్రజల చేతికి ఇవ్వకూడదనుకున్నారు. 20వ శతాబ్దం తొలి దశకంలో .450 కొలత రైఫిళ్ల దిగుమతిని ఆపేసినప్పుడు లండన్ కంపెనీలు .465, .470 అంటూ కొత్త కొలతలు పుట్టించాయి. చిన్న రైఫిళ్లకూ అదే ఉపాయం పనికొచ్చింది. సైన్యం వాడే త్రీనాట్ త్రీ (.303) ఇవ్వరు కనక, ఆస్ట్రియా సైన్యపు 8 మిల్లీమీటర్ల మాన్‌లికర్ తూటాను .315 పేరుతో తీసుకొచ్చారు. బర్మింగ్‌హామ్‌లోని బీఎస్ఏ కంపెనీ సైన్యపు లీ-ఎన్‌ఫీల్డ్ యంత్రాంగానికే ఆ కొలత గొట్టం బిగించి అమ్మింది. స్వాతంత్ర్యం వచ్చాక ఇచ్ఛాపూర్ రైఫిల్ ఫ్యాక్టరీ అదే దారి పట్టింది. అంటే అక్కడ వేటగాడు చేసుకున్న పనిని ఇక్కడ కార్ఖానాయే చేసిపెట్టింది.

ఈ .315ను చేతిలోకి తీసుకుంటే సిపాయి ఆనవాళ్లు దాగవు. బోల్టు పిడిని కొద్దిగా, అరవై డిగ్రీలు లేపితే చాలు. మౌజర్‌కైతే తొంభై కావాలి. లాగి మళ్లీ ముందుకు తోసేటప్పుడు చివర్లో అరచేతికి ఓ ఒత్తిడి తగులుతుంది. స్ప్రింగు బిగిసేది అప్పుడే. బోల్టును పట్టి ఉంచే లుగ్గులు వెనకవైపు ఉండటంతో కదలిక పొట్టి, చేయి వేగం. సిపాయికి పది తూటాల మ్యాగజైన్ కావాలి, ఇక్కడ ఐదు. వేటలో మొదటిది తప్పితే మిగిలిన నాలుగూ తరచు గాలికే పోతాయనుకోండి.

దుర్బీన్ బిగించాలంటే ఇంకో తంటా. పాత సైనిక మౌజర్ బోల్టు పిడి అడ్డంగా పొడుచుకొచ్చి ఉంటుంది. లేపితే దుర్బీన్‌కు తగిలేది. పిడిని కాల్చి కిందికి వంచడం అందుకే. లీ-ఎన్‌ఫీల్డ్ పిడి ముందే వంగి ఉంటుంది కానీ, తూటాల క్లిప్పు కోసం పైన కట్టిన వంతెన దుర్బీన్‌ను కిందికి దిగనివ్వదు. పక్కన పట్టీతో పెట్టాల్సిందే. రెండో ప్రపంచ యుద్ధంలో హాలండ్ అండ్ హాలండ్ స్నైపర్ రైఫిళ్లకు చేసింది అదే.

దుర్బీన్లు సామాన్యుడికి అందింది 1930లో, విలియం వీవర్ తెచ్చిన 330 మోడల్‌తో. ముప్పావు అంగుళం గొట్టం, ధర 19 డాలర్లు. గురి సరిచేస్తే లోపలి క్రాస్ గీత నడిమధ్య నుంచి పక్కకు జరిగేది. వానకు లోపల ఆవిరి పట్టేది. అద్దాలపై కాంతి వెనక్కి కొట్టకుండా పూత పూయడం 1935లో జైస్ కనిపెట్టింది. 1947లో ల్యూపోల్డ్ నైట్రోజన్ నింపి ఆవిరి బెడద తప్పించింది.

ఇవన్నీ దక్కన్ షికారుకు అవసరమా? మంచె మీది నుంచి ఇరవై ముప్పై గజాల్లో వచ్చే పులికి దుర్బీన్ దండగ. గొట్టానికి టార్చిలైటు కట్టుకుంటే మేలు. 1902లో వరంగల్ దగ్గర నెక్కొండలో వైస్రాయ్ కర్జన్ దంపతులు పులితో దిగిన ఫొటో (తీసింది రాజా దీన్‌దయాళ్) దర్జా షికారుకు గుర్తు. అప్పటి చిత్తూరు జిల్లా చామల లోయలో పులిని వెంటాడిన కెన్నెత్ ఆండర్సన్ నమ్మింది బోల్టును కాదు, .405 వించెస్టర్ లివర్ తుపాకీని. దుర్బీన్ అక్కరకొచ్చేది కృష్ణజింక మీదే: చదును బీడు, రెండొందల గజాలు, కంటపడితే చాలు పరుగు.

1972 వన్యప్రాణి చట్టం ఆ షికారుకు తలుపు మూసింది. .315 లైసెన్సులు మిగిలాయి, పంటకూ ప్రాణానికీ రక్ష పేరిట. త్రీనాట్ త్రీ మాత్రం నేటికీ నిషిద్ధ కొలతే. రంపం సంగతంటారా, ఆయుధ చట్టం ఆరో సెక్షన్ ప్రకారం ప్రత్యేక లైసెన్సు లేనిదే గొట్టాన్ని పొట్టి చేయడమే నేరం. 2019 సవరణ ఇంకో అడుగు వేసి, ఒక తరగతి తుపాకీని మరో తరగతిగా మార్చడాన్నీ అందులో చేర్చింది.